జాతీయ ఎర్గోనామిక్స్ సంఘం: పెట్టడం ఒక పని, నిలబెట్టడం ఇంకో పని

సంఘం పెట్టడం తేలికే. పదిమంది కూర్చుని ఒక పేరు అనుకుని రిజిస్ట్రేషన్ కాగితాలు నింపితే అయిపోతుంది. పెట్టినవాళ్లు దిగిపోయి మూడో కార్యవర్గం వచ్చేసరికి దానికి ఊపిరి ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష.

ఎర్గోనామిక్స్‌లో, అంటే పనినీ పరికరాలనూ పనిచోటునూ మనిషికి తగ్గట్టు డిజైన్ చేసే రంగంలో, ఈ పరీక్ష మరీ గట్టిది. ఇందులో పనిచేసేవాళ్లు ఒక గూటి పక్షులు కారు. శరీరధర్మ శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్, ప్రొడక్ట్ డిజైన్, ఫిజియోథెరపీ, వృత్తి ఆరోగ్యం, సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌లు... తలా ఒక దారిన వచ్చినవాళ్లే. వాళ్లలో చాలామందికి సొంత వృత్తి సంఘం ఒకటి ముందే ఉంటుంది. అంటే మీది వాళ్లకు రెండో సంఘం. చెయ్యి బిగబట్టాల్సి వచ్చినప్పుడు ముందు ఆగిపోయేది ఈ రెండో చందాయే. ఈ సంగతి మనసులో పెట్టుకుని కింది నిర్ణయాలన్నీ తీసుకోవాలి.

మొదటి సమావేశానికి ఎవరిని పిలవాలి

1949లో లండన్‌లో బ్రిటిష్ నౌకాదళ కార్యాలయంలో పరిశోధకుడు హైవెల్ మరెల్ చొరవతో కొందరు కలిశారు. ఆ కలయిక నుంచే ఎర్గోనామిక్స్ రిసెర్చ్ సొసైటీ పుట్టింది. శరీరధర్మ శాస్త్రజ్ఞులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు, వైద్యులు యుద్ధకాలంలో ఒకే రకం సమస్యల మీద పనిచేసి, యుద్ధం అయ్యాక ఎవరి విభాగానికి వాళ్లు తిరిగి వెళ్లిపోతున్న సమయం అది. మళ్లీ కలుసుకోవడానికి ఒక చోటు లేదు. ఆ అవసరమే సంఘానికి పునాది అయింది. మీ దగ్గర అలాంటి అవసరం ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకోండి. రాయలేకపోతే ఇంకో ఆరు నెలలు ఆగి, ముందు రెండు మూడు చర్చా సమావేశాలు పెట్టి చూడండి.

పిలిచేవాళ్లు 15 నుంచి 25 మంది దాకా ఉంటే చాలు. లెక్క ఇలా వేసుకోండి: కనీసం నాలుగు శాస్త్ర విభాగాలు, ఏ ఒక్క విభాగమూ మూడో వంతు మించకూడదు. మొత్తంలో కనీసం మూడో వంతు మంది విశ్వవిద్యాలయాల బయటివాళ్లు కావాలి. ఫ్యాక్టరీ భద్రతాధికారులు, విమానయానం, రైల్వే, ఆస్పత్రులు, పరికరాల తయారీ సంస్థల వాళ్లు ఇందులోకి వస్తారు. ఎక్కువ సంఘాలు బోర్లాపడేది ఇక్కడే. ఒక ప్రొఫెసర్‌గారు తన విభాగంలోని సహోద్యోగులనూ పాత విద్యార్థులనూ పోగేస్తారు, అది కాగితం మీద జాతీయ సంఘం, ఆచరణలో ఒక డిపార్ట్‌మెంటు కొనసాగింపు. ఆయన రిటైరైన రోజున సంఘమూ రిటైరవుతుంది.

సమావేశం రెండు గంటలు మించనివ్వకండి. ఎజెండాలో మూడే అంశాలు: సంఘం పెట్టాలా వద్దా, ముసాయిదా నిబంధనావళి రాసే కమిటీలో ఎవరెవరు, దానికి గడువు ఎంత. కమిటీకి ఐదుగురు నుంచి ఏడుగురు, గడువు 90 రోజులు. పేరు మీద చర్చ ఆ రోజు ఎత్తకండి, ఎత్తితే రెండు గంటలూ దానికే సరిపోతాయి. వచ్చినవాళ్లందరి పేరు, వృత్తి, పనిచేసే చోటు, సంతకం ఒక కాగితం మీద తీసుకుని భద్రం చేయండి. వ్యవస్థాపక సభ్యులు ఎవరన్న తగాదా పదేళ్ల తర్వాత తప్పకుండా వస్తుంది. అప్పుడు ఆ కాగితమే సాక్ష్యం.

పేరు, నిర్వచనం

ఎర్గోనామిక్స్ అన్న మాట గ్రీకులోని పని, నియమం అన్న రెండు పదాల కూర్పు. పోలండ్‌కు చెందిన వోయ్‌చెక్ యస్త్‌షెంబోవ్‌స్కీ 1857లోనే దాన్ని వాడాడు. బ్రిటన్‌లో ఆ పేరు మళ్లీ పుట్టింది. అమెరికాలో ఇదే పనికి హ్యూమన్ ఫ్యాక్టర్స్ అన్న పేరు స్థిరపడింది. 1957లో అక్కడ పెట్టిన సంఘం ఆ పేరుతోనే నడిచి, 1992లో ఎర్గోనామిక్స్ అన్న మాటనూ చేర్చుకుంది. బ్రిటిష్ సంఘం 2009లో హ్యూమన్ ఫ్యాక్టర్స్‌ను చేర్చుకుంది, 2014లో రాయల్ చార్టర్ (రాజముద్రతో ఇచ్చే గుర్తింపు) పొందింది. ఇద్దరూ దశాబ్దాల తర్వాత చేసిన పనిని మీరు మొదటిరోజే చేయొచ్చు. రెండు మాటలూ పేరులో పెట్టండి, లేదంటే రెండూ ఒకే అర్థంలో వాడతామని నిబంధనావళిలో ఒక వాక్యం రాయండి. లేకపోతే కాక్‌పిట్లు, కంట్రోల్ రూములు డిజైన్ చేసేవాళ్లు ఇది కుర్చీలూ బల్లల సంఘం అనుకుని పక్కకు తప్పుకుంటారు.

రిజిస్ట్రేషన్‌కు ముందు ఇంకో పని ఉంది. జాతీయ, ఇన్‌స్టిట్యూట్, చార్టర్డ్ లాంటి మాటలు పేరులో పెట్టుకోవడానికి చాలా దేశాల్లో ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. లెటర్‌హెడ్ అచ్చు వేయించకముందే అది కనుక్కోండి.

నిర్వచనాన్ని సొంతంగా అల్లకండి. అంతర్జాతీయ ఎర్గోనామిక్స్ అసోసియేషన్ 2000లో ఆమోదించిన నిర్వచనం సిద్ధంగా ఉంది. దాని సారం ఇది: మనుషులకూ ఒక వ్యవస్థలోని ఇతర భాగాలకూ మధ్య జరిగే పరస్పర చర్యను అర్థం చేసుకునే శాస్త్రం, ఆ జ్ఞానంతో మనిషి క్షేమమూ వ్యవస్థ పనితీరూ రెండూ మెరుగయ్యేలా డిజైన్ చేసే వృత్తి. ఆ 'రెండూ' అన్న మాట జారిపోనివ్వకండి. క్షేమం ఒక్కటే రాస్తే కంపెనీలు మిమ్మల్ని కార్మిక సంక్షేమ శాఖ కింద జమకడతాయి, పనితీరు ఒక్కటే రాస్తే కార్మిక సంఘాలు గుమ్మంలోకి రానివ్వవు. భౌతిక, జ్ఞానాత్మక, సంస్థాగత అని మూడు శాఖలనూ పేర్కొంటే ఎవరూ బయట మిగలరు.

సభ్యత్వం: ఇక్కడ తొందరపడొద్దు

మూడు నాలుగు స్థాయిలు చాలు. పూర్తి సభ్యులు, అనుబంధ సభ్యులు, విద్యార్థులు, సంస్థలు. ఓటు పూర్తి సభ్యులకే. ఫెలో హోదా మొదటి ఐదేళ్లూ వద్దు. వ్యవస్థాపకులు ఒకరికొకరు ఫెలోషిప్‌లు కప్పుకోవడం చూసిన కొత్తవాళ్లకు ఆ సంఘం మీద ఇక గౌరవం మిగలదు.

పూర్తి సభ్యులకు అర్హతగా డిగ్రీ పేరు రాయడం పెద్ద పొరపాటు. సంఘం కొత్తగా పుడుతున్న దేశంలో ఎర్గోనామిక్స్ డిగ్రీ ఇచ్చే చోట్లు లేకపోవచ్చు, ఉన్నా ఒకటో రెండో ఉంటాయి. దాని బదులు ఇలా రాయండి: సంబంధిత విషయంలో డిగ్రీ, దానితోపాటు ఎర్గోనామిక్స్ పనిలో మూడేళ్ల అనుభవం, లేదా డిగ్రీ లేకున్నా ఏడేళ్ల అనుభవం, ఇద్దరు సభ్యుల సిఫార్సు. తొలి దశలో వచ్చినవాళ్లకు ఈ షరతులు సడలించవచ్చు, కానీ సడలింపుకు ముగింపు తేదీ నిబంధనలోనే ఉండాలి. రిజిస్ట్రేషన్ నుంచి 18 నెలలు సరిపోతుంది. తేదీ లేని సడలింపు ఎప్పటికీ మూసుకోని దొడ్డిదారి. ఆ తర్వాత ఎప్పుడైనా మీరు వృత్తి ధ్రువీకరణ మొదలుపెడితే అది మెడకు చుట్టుకుంటుంది.

దరఖాస్తు ఫారం ఒక పేజీ దాటకూడదు. అందులో పేరు, చిరునామా అడిగాక తప్పనిసరిగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: 'మీ పని సమయంలో ఎర్గోనామిక్స్‌కు ఎన్నో వంతు పోతుంది?' పావు కన్నా తక్కువ, పావు నుంచి సగం, సగం కన్నా ఎక్కువ అని మూడు గళ్లు ఇవ్వండి. దీనికి ఖర్చేమీ లేదు. రెండేళ్ల తర్వాత ఈ ఒక్క గడి మీ సంఘం అసలు స్వరూపం చూపిస్తుంది. సభ్యుల్లో ఎక్కువమంది పావు కన్నా తక్కువ దగ్గర టిక్ పెడితే, వాళ్లకు లోతైన పరిశోధనా పత్రాలు అక్కర్లేదు, చేతిలో పట్టుకుని పని చోటికి వెళ్లే చెక్‌లిస్టులూ ఒకరోజు శిక్షణలూ కావాలి. అది తెలియక ఏటా ప్రొఫెసర్ల ఉపన్యాసాలు పెట్టే సంఘాలకు రెన్యూవల్ రోజున సమాధానం దొరుకుతుంది.

డబ్బు: జీవిత సభ్యత్వం అనే ఊబి

మొదటి ఏడాది చేతిలో పైసా ఉండదు. ఎవరో ఒకరు లేచి జీవిత సభ్యత్వం పెడదాం, పదేళ్ల చందా ఒకేసారి తీసుకుందాం అంటారు. డబ్బు వస్తుంది, మొదటి సదస్సు ఘనంగా జరుగుతుంది. తర్వాత?

లెక్క చూడండి. జీవిత సభ్యత్వం వార్షిక చందాకు 10 రెట్లు అనుకుందాం. మొత్తం తాకకుండా డిపాజిట్ చేసి 6 శాతం వడ్డీ తెచ్చుకున్నా, ఏడాదికి వచ్చేది ఒక చందాలో 0.6 వంతే. ఒక చందాకు సమానమైన వడ్డీ రావాలంటే దాదాపు 17 రెట్లు తీసుకోవాలి. ధరలు పెరుగుతుంటే అదీ చాలదు. పైగా ఆ డబ్బు సదస్సుకు ఖర్చయిపోయి ఉంటే వడ్డీ కూడా సున్నా. ఆ సభ్యుడికి మాత్రం ముప్ఫై ఏళ్లపాటు వార్తాలేఖ పంపాలి, ఎన్నికల నోటీసు ఇవ్వాలి, కోరంలో, అంటే సమావేశం చెల్లడానికి కావాల్సిన కనీస హాజరులో, లెక్కపెట్టాలి. అతను ఊరు మారినా, వృత్తి మారినా, ఆఖరికి ఈ లోకాన్నే విడిచినా సంఘానికి తెలిసే మార్గం లేదు.

కాబట్టి మొదటి మూడేళ్లు జీవిత సభ్యత్వం వద్దు. పెట్టి తీరాలంటే వయసు 50 దాటినవాళ్లకే ఇవ్వండి. ఆ సొమ్ము మూలనిధి పేరుతో విడి ఖాతాలో ఉండాలి. అసలు ముట్టుకోవాలంటే సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలని రాయండి. ఐదేళ్లకోసారి చిరునామా ధ్రువీకరించని జీవిత సభ్యుడిని ఓటర్ల జాబితా నుంచి పక్కన పెట్టే నిబంధన కూడా అప్పుడే చేర్చండి.

వార్షిక చందాలన్నిటికీ గడువు ఒకే తేదీ కావాలి. చేరిన తేదీ నుంచి ఏడాది అని పెడితే 200 మందికి 200 గడువులు, కోశాధికారికి ఏడాది పొడుగునా అదే పని. గడువు వార్షిక సదస్సుకు నెల ముందు పడేలా చూసుకోండి, సదస్సు ఫీజులో సభ్యులకిచ్చే తగ్గింపు రెన్యూవల్‌ను తనే లాక్కొస్తుంది. చేతిలో ఎప్పుడూ ఆరు నెలల ఖర్చు నిల్వ ఉండాలి. బ్యాంకు ఖాతా మీద ముగ్గురి పేర్లు, ఏ ఇద్దరి సంతకమైనా చెల్లేలా.

నిబంధనావళిలో ప్రాణం ఉన్న రెండు నిబంధనలు

మిగతావి ఏ సంఘం నమూనా నుంచైనా తీసుకోవచ్చు. ఈ రెండు మాత్రం దగ్గరుండి రాయించుకోండి.

ఒకటి పదవీకాలం. కార్యవర్గం మొత్తం ఒకేసారి మారితే పని తెలిసినవాళ్లు ఒక్కరూ మిగలరు. అసలు మారకపోతే సంఘం ఒకరి సొత్తవుతుంది. తొమ్మిదిమంది కార్యవర్గంలో పదవీకాలం మూడేళ్లు పెట్టి, ఏటా ముగ్గురి స్థానాలకు ఎన్నిక జరపండి. మొదటి కార్యవర్గంలో ఎవరు ఒక ఏడాదికి, ఎవరు రెండేళ్లకు దిగాలో చీటీలు వేసి తేల్చండి. అధ్యక్ష పదవి వరసగా రెండుసార్లు మించకూడదు. కాబోయే అధ్యక్షుడిని ఒక ఏడాది ముందే ఎన్నుకునే పద్ధతి ఉంటే, ఆ ఏడాది అంతా ఆయనకు శిక్షణే.

రెండోది కోరం. సభ్యులు 30 మంది ఉన్నప్పుడు కోరం మూడో వంతు అని రాస్తారు, అంటే పదిమంది, ఇబ్బంది లేదు. సభ్యులు 180 అయ్యాక అదే నిబంధన 60 మందిని అడుగుతుంది. వచ్చేది 25 మంది. సమావేశం చెల్లదు, లెక్కలు ఆమోదం పొందవు, ఎన్నిక జరగదు. ఆ నిబంధన మార్చుకుందామంటే దానికీ కోరం కావాలి! తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకోవడమంటే ఇదే. అందుకే 'పదో వంతు లేదా 20 మంది, ఏది తక్కువైతే అది' అని రాయండి. కోరం లేక వాయిదా పడితే అరగంట తర్వాత అదే ఎజెండాతో, హాజరైనవారితోనే జరిపే వీలు కూడా ఉండాలి. అయితే నిబంధనావళి సవరణకు ఈ వాయిదా సమావేశం చెల్లకూడదు, దానికి ఈమెయిల్ లేదా తపాలా ఓటు పెట్టండి.

మొదటి సదస్సు

రిజిస్ట్రేషన్ అయిన ఏడాదిలోపు జరిగిపోవాలి. 12 నెలల ముందు తేదీ, చోటు. 9 నెలల ముందు పరిశోధనా పత్రాలు పంపమని పిలుపు. 5 నెలల ముందు ఆ పత్రాల సారాంశాలు అందాల్సిన గడువు, దాన్ని ఒకసారి రెండు వారాలు పొడిగించాల్సి వస్తుంది కాబట్టి ఆ రెండు వారాలు ముందే లెక్కలో పెట్టుకుని ఎవరికీ చెప్పకండి. ఒక్కో సారాంశాన్ని ఇద్దరు చూడాలి. వాళ్లలో ఒకరైనా విశ్వవిద్యాలయం బయటివాళ్లయితే మంచిది, ఇది పనిచోట పనికొస్తుందా అని అడిగేది వాళ్లే. రెండురోజులు, ఒకే హాలు, ఒకే వరస ప్రసంగాలు. వందమంది రాని సదస్సులో నాలుగు గదుల్లో సమాంతర ప్రసంగాలు పెడితే ఒక్కో గదిలో మిగిలేది వక్త, ఆయన తర్వాతి వక్త, అధ్యక్షత వహించేవాడు.

హాలు విషయంలో మీకు తప్పించుకునే దారి లేదు. వచ్చేవాళ్లంతా కుర్చీ ఎత్తు, తెర కోణం, వెలుతురు చూసి బతికేవాళ్లు. బుక్ చేయకముందే టేపు పట్టుకుని వెళ్లండి. తెర నుంచి చివరి వరుసకు దూరం కొలవండి. ఆ దూరంలో 200వ వంతు ఎత్తు తెర మీద అక్షరానికి ఉండాలన్నది ఈ రంగంలో పాత వాడుక లెక్క. 12 మీటర్లుంటే అక్షరం ఎత్తు 6 సెంటీమీటర్లు. తెర ఎత్తు 180 సెంటీమీటర్లే అయితే స్లైడులో అక్షరం ఎత్తు స్లైడు ఎత్తులో 30వ వంతుకు తగ్గకూడదు. వక్తలకు పంపే సూచనల్లో పాయింట్ సైజు చెప్పడం కన్నా ఈ 30వ వంతు చెప్పండి, స్లైడు ఏ కొలతలో తయారుచేసినా వర్తిస్తుంది. చివరి వరుసలో కూర్చుని ముందువాళ్ల తలల మీదుగా తెర అడుగు అంచు కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే స్లైడు కింది భాగం ఖాళీగా వదలమని అందరికీ చెప్పాల్సిందే. వేదిక మీది పోడియం ఎత్తు మార్చుకునే వీలు లేకపోతే పొట్టివాళ్ల కోసం గట్టి మెట్టు ఒకటి పక్కన ఉంచండి. మొత్తం రెండురోజుల్లో జనం గుర్తుంచుకునేది కీలకోపన్యాసం కాదు, వీటిలో మీరు మరిచిపోయినదాన్ని.

పత్రికా, వార్తాలేఖా?

జర్నల్ మీద మోజు పడకండి. అమెరికా సంఘం పుట్టిన మరుసటి ఏడాదే, 1958లో పత్రిక తెచ్చింది, దాని వెనక పెద్ద పరిశోధనా వ్యవస్థ ఉంది. బ్రిటిష్ సంఘం 1949లో పుడితే 'ఎర్గోనామిక్స్' పత్రిక వచ్చింది 1957లో. ఏడాదికి నాలుగు సంచికలు, సంచికకు ఆరు వ్యాసాలు, వచ్చినవాటిలో సగం తిరస్కరిస్తారు అనుకుంటే ఏటా 48 రాతప్రతులు రావాలి. అన్ని రాసే సభ్యులు మీకున్నారా? లేకపోతే మూడు నెలలకోసారి నాలుగు పేజీల వార్తాలేఖ చాలు, తేదీ తప్పకుండా రావాలి. ఆగిపోయిన జర్నల్ చెప్పినంత గట్టిగా సంఘం చచ్చిపోయిందని ఇంకేదీ చెప్పదు.

పెరగడం

సభ్యులు 150 దాటాక శాఖల ఆలోచన మొదలవుతుంది. రెండు రకాలున్నాయి: ప్రాంతాలవారీ, విషయాలవారీ. రవాణా, ఆరోగ్య సంరక్షణ, పరిశ్రమ, సాఫ్ట్‌వేర్ లాంటి విషయ బృందాలు ముందు మొదలుపెట్టండి, వాటికి ఆఫీసు, ఖాతా అక్కర్లేదు. ప్రాంతీయ శాఖకు కనీసం 20 మంది పూర్తి సభ్యులు, ఏడాదికి రెండు కార్యక్రమాలు షరతు. రెండేళ్లు వరసగా తప్పితే శాఖ తనంతట తానే రద్దు. విద్యార్థి చేరితే రెన్యూవల్ గండం చదువు అయిపోయిన ఏడాది వస్తుంది. అప్పుడు రెండేళ్లపాటు సగం చందా స్థాయి ఒకటి ఇస్తే చాలామంది నిలబడతారు.

సంఘం సరిహద్దులు దేశం సరిహద్దులే కానక్కర్లేదు. 1963లో పుట్టిన ఫ్రెంచ్ సంఘం దేశాన్ని కాక భాషను ఆధారం చేసుకుంది. ఉత్తర ఐరోపా దేశాలు 1969లో ఉమ్మడి సంఘం పెట్టుకున్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ 1964లో కలిసి మొదలుపెట్టి తర్వాత వేరుపడ్డాయి. దేశంలో వృత్తిలో ఉన్నవాళ్లు 30 మందికి మించకపోతే పొరుగుదేశంతో కలిసి మొదలుపెట్టడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. విడిపోయే పద్ధతి, నిధుల పంపకం మాత్రం ముందే రాసుకోండి.

వృత్తి ధ్రువీకరణ వేరే బండి. సభ్యత్వం ఇచ్చే కార్యవర్గమే సర్టిఫికెట్టూ ఇస్తే, చందా కోసం ప్రమాణం దించారన్న మాట ఎప్పటికీ పోదు. అమెరికాలో ఇందుకోసం 1990లో విడి బోర్డు పెట్టారు. మీరూ విడి బోర్డు, విడి ఖాతా పెట్టండి. మొదటి విడత పరీక్షకులను బయటి దేశపు ధ్రువీకరణ ఉన్నవాళ్ల నుంచి తెచ్చుకోండి. సంఘం పెట్టి ఐదారేళ్లు కాకముందు ఈ జోలికి వెళ్లకపోవడమే మేలు.

అంతర్జాతీయ అసోసియేషన్ 1959లో ఏర్పడింది, మొదటి మహాసభ 1961లో స్టాక్‌హోంలో జరిగింది, ఇప్పుడు మూడేళ్లకోసారి జరుగుతోంది. అందులో సభ్యులు వ్యక్తులు కారు, సంఘాలు. దరఖాస్తుకు మీ దగ్గర సిద్ధంగా ఉండాల్సినవి: నిబంధనావళి అనువాదం, కార్యవర్గం ఎన్నికైనట్టు మినిట్స్, సభ్యుల సంఖ్య, జరిపిన కార్యక్రమాల జాబితా, ఆడిట్ అయిన లెక్కలు. సభ్యుల సంఖ్యను గొప్పకోసం పెంచి రాయకండి. అక్కడ కట్టాల్సిన వార్షిక రుసుము సభ్యుల సంఖ్యతో ముడిపడి ఉంటుంది, చందా ఎగ్గొట్టినవాళ్ల వాటా కూడా మీ ఖజానా నుంచే పోతుంది.

అప్పగింత

ప్రతి కార్యవర్గం దిగేముందు ఒక పెట్టె అప్పగించాలి. రిజిస్ట్రేషన్ అసలు కాగితం, మినిట్స్ పుస్తకాలు, సభ్యుల రిజిస్టరు, మూలనిధి రసీదులు, ఆడిట్ నివేదికలు, సదస్సు ఒప్పందాలు, మొదటిరోజు సంతకాల కాగితం. దీనితోపాటు అందరూ మరిచిపోయేది ఇంకొకటి: వెబ్‌సైట్ డొమైన్, సంఘం ఈమెయిల్, సభ్యుల జాబితా ఉన్న ఖాతా ఎవరి సొంత చిరునామాతో తెరిచారో వాళ్లకే తాళం. మొదటి కార్యదర్శి ఉత్సాహంగా తన సొంత ఈమెయిల్‌తో డొమైన్ కొంటారు. ఏడెనిమిదేళ్లకు ఆయన ఉద్యోగం మారి ఆ ఈమెయిల్ మూతపడితే, రెన్యూవల్ హెచ్చరికలు ఎవరూ చూడని పెట్టెలో పడి డొమైన్ ఇంకొకరి పాలవుతుంది. కార్యదర్శి, కోశాధికారి హోదాల పేరుతో రెండు ఈమెయిల్ చిరునామాలు ముందే తెరిచి అన్ని ఖాతాలూ వాటితో నమోదు చేయండి. డొమైన్‌ను ఐదేళ్లకు ఒకేసారి కట్టేసి, గడువు తేదీని మినిట్స్ పుస్తకం మొదటి పేజీలో ఎర్రసిరాతో రాయండి.